బీమా ఏజెంటు వృత్తి – పూర్వశిక్ష గలవారికి ప్రవేశం కలదా?

మనిషి మాటను మనిషి నమ్మడం మీదనే నిలిచిన వృత్తులు లోకంలో కొన్ని ఉన్నాయి. వాటిలో బీమా ఏజెంటు వృత్తి ఒకటి. మన కొత్తవాడ నేతగాడు తాను నేసిన జంపఖానాను గిరాకీ ముందు పరచి చూపుతాడు. కొనేవాడు దానిని చేతితో తడిమి, అంచు తిరగేసి, రంగు గట్టిదో కాదో విచారించి డబ్బిస్తాడు. బీమా ఏజెంటు అమ్మే వస్తువు అటువంటిది కాదు. అతడు అమ్మేది ఒక కాగితం; దానిపై వ్రాసిన వాగ్దానం. ఆ వాగ్దానం నెరవేరే రోజుకు కొన్నవాడు సజీవుడై ఉండకపోవచ్చు. కనుక ఆ కాగితాన్ని తెచ్చి ఇచ్చే మనిషి ఎటువంటివాడో విచారించే బాధ్యతను చట్టమే స్వీకరించింది.

మా విద్యార్థులలో పలువురు కొత్తవాడ నుండియు, దాని చుట్టుపక్కల వీధుల నుండియు వచ్చేవారు. మగ్గం ఒక్కదానితో ఇల్లు గడవని కుటుంబాలకు, పెట్టుబడి అంతగా అక్కరలేని బీమా ఏజెన్సీ ఒక ఆసరాగా కనిపించడం సహజం. బీమా అంటే ఏమిటో వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2022 ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన నేతన్న బీమా పథకం 5 లక్షల రూపాయల రక్షణతో నేత కుటుంబాల గడప తొక్కినది. అయితే ఏజెన్సీ మాట వచ్చినప్పుడల్లా కొందరు విద్యార్థులు మమ్ములను చాటుగా పిలిచి అడిగే ప్రశ్న ఒకటున్నది: "సార్, మా అన్న మీద వెనుక ఒక కేసు అయింది. ఆయనకు ఏజెన్సీ ఇస్తారా?" వీధిలో దీనికి దొరికే జవాబు ఒక్కటే: "ఇవ్వరు." చట్టం చెప్పే జవాబు మాత్రం అది కాదు. ఆ రెండు జవాబుల నడుమ గల దూరాన్ని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లైసెన్సు నుండి నియామకానికి

మన దేశంలో ఏజెంట్లకు సంబంధించిన మూల నియమం 1938 నాటి బీమా చట్టంలోని 42వ సెక్షను. పూర్వం ఏజెంటుకు లైసెన్సు ఇవ్వబడేది. దానిపై పర్యవేక్షణ తొలుత బీమా కంట్రోలరుది. 1999 చట్టం మూలంగా ఏర్పడిన బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థకు తరువాత ఆ బాధ్యత సంక్రమించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నదన్న సంగతి మన పాఠకులు గుర్తుంచుకోదగినది. 2015లో బీమా చట్టాల సవరణ జరిగి 42వ సెక్షను కొత్త రూపం దాల్చింది. అప్పటినుండి ఏజెంటును నియమించేది బీమా కంపెనీయే. అందుకు తగిన నిబంధనలు 2016 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ప్రజల నోట "లైసెన్సు" అన్న మాట ఇంకను నిలిచి ఉన్నప్పటికీ, వాస్తవానికి అది నియామకపత్రమని గ్రహించాలి.

నియామకానికి మార్గం స్థూలంగా ఇది. అభ్యర్థి పదునెనిమిదేండ్లు నిండి, పదవ తరగతి ఉత్తీర్ణుడై ఉండాలి. నిర్ణీత ఫారంలో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. శిక్షణ పొంది, భారత బీమా విద్యాసంస్థ నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణుడు కావాలి. ఈ పరీక్షను తెలుగులోనూ వ్రాయవచ్చు. కంపెనీలో ఇందుకోసం నియుక్తుడైన అధికారి దరఖాస్తును పరిశీలించి, అభ్యర్థికి అనర్హత ఏదీ లేదని, బహిష్కృత ఏజెంట్ల కేంద్ర జాబితాలో అతని పేరు లేదని చూచుకొన్న పిమ్మట నియామకపత్రం ఇస్తాడు. మన ప్రశ్న తలయెత్తేది ఈ "అనర్హత" అన్న మాట దగ్గరనే.

చట్టం పేర్కొన్న నాలుగు నేరాలు

నేరం చేసినవారందరూ అనర్హులని 42వ సెక్షను ఎక్కడా చెప్పలేదు. అది పేరు పెట్టి చెప్పిన నేరాలు నాలుగే. ఒకటి, పరుల సొత్తును అక్రమంగా స్వంతం చేసుకొనడం. రెండు, నేరపూరితమైన నమ్మకద్రోహం. మూడు, మోసం. నాలుగు, ఫోర్జరీ. వీటికి ప్రోత్సాహమిచ్చినా, వీటిని చేయ ప్రయత్నించినా ఫలితం ఒక్కటే. హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ న్యాయస్థాన భాషగా ఉన్న కాలంలో వీటికి తసర్రుఫె బేజా, ఖయానతె ముజ్రిమానా, దగా, జాల్‌సాజీ అన్న పేర్లు వాడుకలో ఉండేవి. పాత దస్తావేజులు చదివిన పెద్దలకు ఈ మాటలు పరిచితమే. 2024 జూలై 1 నుండి భారతీయ శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో ఈ నేరాలు వరుసగా 314, 316, 318, 336 సెక్షన్ల కింద ఉన్నాయి. పాత స్మృతిలో 403, 406, 420, 465 వంటి అంకెలతో మనకు తెలిసినవి ఇవే.

ఈ నాలుగింటినే చట్టం ఎందుకు ఏరింది? అమానత్ అన్న మాట మనకు తెలియనిది కాదు. ఒకరు నమ్మి అప్పగించిన దానిని చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించడం అమానత్. దానికి విరుద్ధమైనది ఖయానత్. ఏజెంటు చేతిలోకి పాలసీదారుని ప్రీమియం డబ్బు వస్తుంది. అతని సంతకంతో దరఖాస్తు వస్తుంది. వయస్సు, ఆరోగ్యం, కుటుంబ స్థితి మొదలైన అంతరంగిక విషయాలు వస్తాయి. డబ్బును స్వంతానికి వాడుకొన్నవాడు, నమ్మకాన్ని వమ్ము చేసినవాడు, మాటతో మోసగించినవాడు, సంతకాన్ని సృష్టించినవాడు – ఈ నలుగురూ ఈ వృత్తికి సూటిగా ప్రమాదకారులు. సంఘం సొమ్ము స్వంతానికి వాడుకొన్న లెక్కలగుమాస్తాయో, చీటీ సొమ్ముతో పరారైన నిర్వాహకుడో నేరస్థుడని తీర్పు పొందితే ఈ కోవలోకే వస్తాడు.

దీని నుండి మరొక సంగతి తేటపడుతున్నది. ఈ నాలుగింటిలో చేరని నేరం ఈ ఉపసెక్షను కింద అనర్హత కాదు. పొలం గట్టు దగ్గర జరిగిన కొట్లాట, వీధి తగాదా, నిషేధాజ్ఞల ఉల్లంఘన, రైల్ రోకో – ఇవేవీ ఆ జాబితాలో లేవు. మన వరంగల్లు వంటి ఊరికి ఇది చిన్న సంగతి కాదు. 1969 ఉద్యమం నాటి నుండి 2011 సకల జనుల సమ్మె వరకు ఇచ్చటి యువకులు ఎందరో కేసులలో ఇరుక్కొన్నారు. ఉద్యమంలో రోడ్డుపై బైఠాయించినందుకు జరిమానా కట్టిన మనిషికిని, తోటివాని సొమ్ము దిగమింగిన మనిషికిని చట్టం ఒకే ముద్ర వేయలేదు. వేసినది మన వీధియే.

ఇవి గాక వేరొక అనర్హత కూడ ఉన్నది. బీమా పాలసీకి సంబంధించిన న్యాయ విచారణలో గాని, బీమా కంపెనీ వ్యవహారాల దర్యాప్తులో గాని, ఒకడు కంపెనీకో పాలసీదారుకో వ్యతిరేకంగా వంచనకు, కపటానికి పాల్పడినట్లు తేలితే అతడు అనర్హుడు. దొంగ మరణ ధ్రువపత్రంతో క్లెయిము సొమ్ము రాబట్టడంలో చేయి కలిపినట్లు తేలినవాడు ఇందుకు ఉదాహరణ. ఈ క్లాజు విషయంలో చట్టం ఎట్టి గడువు సడలింపును చెప్పలేదు. బీమానే వంచించినవానికి బీమా తలుపు తెరవడంలో శాసనకర్తలు అంత జాగ్రత్త వహించారు.

ఆరోపణ వేరు, నిర్ధారణ వేరు

చట్టం వాడిన మాట "నేరస్థుడని న్యాయస్థానం తేల్చినవాడు" అని. ఠాణాలో ఎఫ్.ఐ.ఆర్. నమోదైనంత మాత్రాన, అభియోగపత్రం దాఖలైనంత మాత్రాన ఎవరూ ఈ క్లాజు కింద అనర్హులు కారు. కేసు కొట్టివేయబడితే అనర్హత ప్రసక్తియే లేదు. మోసం కేసులో మోసపోయిన వ్యక్తి న్యాయస్థానం అనుమతితో రాజీపడవచ్చు. అట్టి రాజీకి చట్టరీత్యా విడుదలతో సమానమైన ఫలితం ఉన్నది. మన లోక్ అదాలత్‌లలో ముగిసే కేసులలో ఇటువంటివి కూడ ఉంటాయి. రాజీపత్రంపై సంతకం చేసి వచ్చి, తనకు శిక్ష పడినట్లే భావించి జీవితమంతా తలదించుకొని తిరిగేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

మరి రెండు చట్టాలు ఇచ్చట స్మరణీయాలు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టం కింద, జైలుకు పంపకుండా మందలించో, సత్ప్రవర్తన పూచీపైననో విడిచిపెట్టబడిన వ్యక్తికి, నేరనిర్ధారణ వలన కలిగే అనర్హత వర్తించదని ఆ చట్టం 12వ సెక్షను చెబుతున్నది. నేరం జరుగలేదని దాని అర్థం కాదు. నేరం వెంట వచ్చే అనర్హత రాదని మాత్రమే. అలాగే 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను, పదునెనిమిదేండ్లలోపు చేసిన తప్పు ఆ బాలునికి జీవితాంతం అనర్హతగా వెంటాడకూడదని శాసించింది. పదహారేండ్లు దాటి, ఘోర నేరాలలో పెద్దలవలె విచారింపబడినవారి విషయం మాత్రం వేరు.

ఐదేండ్ల గడువు

పైన చెప్పిన నాలుగు నేరాలలో ఒకదానికి నిజంగానే శిక్ష పడినదనుకొందాం. అప్పుడు తలుపు శాశ్వతంగా మూసుకొన్నట్లేనా? కాదు. శిక్ష పూర్తయిన నాటి నుండి కనీసం ఐదేండ్లు గడచినట్లయితే, ఆ నేరనిర్ధారణ ఇక అనర్హతగా పనిచేయదని ప్రాధికార సంస్థ సాధారణంగా ప్రకటించవలెనని అదే సెక్షను చెబుతున్నది.

ఈ వాక్యంలో మూడు మెలికలున్నాయి. మొదటిది, లెక్క ఎప్పటినుండి అన్నది. నేరం జరిగిన రోజు నుండి కాదు. తీర్పు వచ్చిన రోజు నుండియు కాదు. శిక్ష పూర్తయిన రోజు నుండి. ఒక వ్యక్తికి 2012లో రెండేండ్ల శిక్ష పడి, అది 2014 జూన్‌లో పూర్తయినదనుకొంటే, ఐదేండ్లు నిండేది 2019 జూన్‌లో. రెండవది, "ప్రకటించవలెను" అన్న మాట. గడువు దాటగానే అనర్హత దానంతటది ఎండుటాకువలె రాలిపోదు. ప్రాధికార సంస్థ ప్రకటన కావాలి. కనుక సంబంధిత వ్యక్తి తానే పూనుకొని అడగాలి. మూడవది, "సాధారణంగా" అన్న మాట. ఇది సంస్థకు కొంత విచక్షణను మిగిల్చింది. అయినను చట్టం మొగ్గు అభ్యర్థి వైపే ఉన్నది. నిరాకరించడానికి ప్రత్యేక కారణం ఉండాలి గాని, అంగీకరించడానికి కాదు.

ఇట్టి విజ్ఞప్తి చేయదలచినవారు ముందుగా కాగితాలు సమకూర్చుకోవాలి. తీర్పు ధ్రువీకృత ప్రతిని శిక్ష విధించిన న్యాయస్థానం నుండి పొందాలి. జరిమానా చెల్లించిన రశీదు, శిక్ష పూర్తయి విడుదలైన తేదీని తెలిపే పత్రం ఉండాలి. మన వరంగల్లు కేంద్ర కారాగారాన్ని 2021లో ఖాళీ చేసి, ఆసుపత్రి నిర్మాణం కోసం కూల్చివేశారు. అక్కడ శిక్ష అనుభవించినవారు జైలే లేదుగదా అని నిరాశపడనక్కరలేదు. భవనం పోయినా కారాగారాల శాఖ ఉన్నది; అడగవలసినది ఆ శాఖనే. ఆ తరువాతి కాలంలో మరే కేసూ లేదన్న పోలీసు ధ్రువపత్రం, తాము చేస్తున్న పనికి సంబంధించిన ఆధారాలు ఉంటే విజ్ఞప్తికి బలం చేకూరుతుంది. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.

దాచడం కంటె చెప్పడం మేలు

ఇచ్చటనే పలువురు దారి తప్పుతారు. "దరఖాస్తులో వ్రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని సలహా ఇచ్చే మిత్రులు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ సలహా ప్రమాదకరమైనది. పాత నేరం ఏదైనా, దానికి చట్టంలో ఒక గడువు దొరకవచ్చు. నేడు సంతకం పెట్టి ఇచ్చిన అబద్ధపు ప్రకటన నేటి తప్పు. దాని గడువు నేటి నుండి మొదలవుతుంది. అనర్హుడై ఉండి ఏజెంటుగా పనిచేసినవానికి పదివేల రూపాయల వరకు, అతనిని నియమించిన కంపెనీకి కోటి రూపాయల వరకు జరిమానా విధించే వీలు 42వ సెక్షనులో ఉన్నది. కంపెనీలు ఇంత జాగ్రత్తగా ఉండడానికి కారణం ఇదే.

ప్రభుత్వోద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు 2016 జూలైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా ఇటువంటి ప్రశ్ననే విచారించింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలని, యౌవనంలో జరిగిన చిన్న తప్పులను యజమాని క్షమించి చూడవచ్చునని, తీవ్రమైన విషయాన్ని తెలిసి దాచడం మాత్రం ఉద్యోగానికే ముప్పని ఆ తీర్పు సారాంశం. బీమా ఏజెన్సీ ప్రభుత్వోద్యోగం కాదు. అయినా ఆ తర్కం ఇచ్చటికిని పనికివస్తుంది.

ఇందులో వృత్తిధర్మం కూడ ఉన్నది. రేపు ఈ ఏజెంటే మరొకరి ఇంట కూర్చుండి, "మీకు షుగరు ఉన్నదా, గుండెజబ్బు ఉన్నదా, ఏదీ దాచకుండా చెప్పండి" అని అడగాలి. బీమా ఒప్పందం పూర్తి సత్యం మీద నిలిచే ఒప్పందం. తన ఫారంలో సత్యం దాచినవాడు పరుల ఫారంలో సత్యం వ్రాయించగలడా?

కంపెనీకిని విచక్షణ ఉన్నది

చట్టం అనర్హుడు కాదన్నంత మాత్రాన కంపెనీ నియమించి తీరాలని లేదు. ఏజెంటు చేసే ప్రతి పనికి, చేయని పనికి కూడ కంపెనీయే బాధ్యత వహించవలసి ఉన్నందున, దొంగతనం వంటి నేరం జాబితాలో లేకపోయినా కంపెనీ వెనుకాడవచ్చు. దరఖాస్తు నిరాకరింపబడినప్పుడు, 2016 నిబంధనల ప్రకారం, ఆ కంపెనీ నియమించిన అప్పీలు అధికారికి పునఃపరిశీలన కోరుతూ వ్రాసుకొనే హక్కు అభ్యర్థికి ఉన్నది. ఆయన తన నిర్ణయాన్ని వ్రాతపూర్వకంగా తెలుపవలసి ఉంటుంది. కనుక నిరాకరణ నోటిమాటగా వచ్చినప్పుడు తిరిగి రాక, దానిని కాగితం మీద అడిగి తీసుకోవాలి. ఒక కంపెనీ కాదన్నప్పుడు మరొక కంపెనీకి దరఖాస్తు పెట్టే స్వేచ్ఛయు ఉన్నది. మొదటి నిరాకరణను అడిగినప్పుడు మాత్రం దాచరాదు.

ఇతర దేశాల పద్ధతి

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1994లో వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం, అవినీతితోను నమ్మకద్రోహంతోను కూడిన తీవ్రనేరానికి శిక్షపడినవారు, బీమాను నియంత్రించే అధికారి వ్రాతపూర్వక అనుమతి లేనిదే ఆ వ్యాపారంలో ప్రవేశించరాదు. అక్కడ ఐదేండ్ల గడువు వంటి ఊరట లేదు. అనుమతి ఒక్కటే మార్గం. బ్రిటనులో 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం, నిర్ణీత కాలం గడచిన చిన్న శిక్షలను గతించినవిగా భావిస్తుంది. ఆర్థిక రంగంలోని కొన్ని పదవులకు మాత్రం మినహాయింపులున్నాయి. మన దేశంలో బ్రిటనులోవలె అన్ని వృత్తులకూ వర్తించే చట్టం లేదు. ఆ లోటులో బీమా చట్టంలోని ఐదేండ్ల నియమం ఒక చిన్న దీపం వంటిదని మేము భావిస్తున్నాము.

బీమా చట్టంలోనే 45వ సెక్షను మరొక గడువును చెబుతున్నది. పాలసీ మొదలై మూడేండ్లు గడచిన తరువాత, ఏ కారణం చేతనూ కంపెనీ దానిని ప్రశ్నించరాదు. పాలసీదారును అనుమానించడానికి మూడేండ్లు. శిక్ష ముగించుకొని వచ్చినవానిని అనుమానించడానికి ఐదేండ్లు. అనుమానానికి కూడ ఒక ఆయుర్దాయం ఉండాలన్నది ఈ చట్టం తాత్పర్యం.

సంఘం చేయవలసినది

1977లో ఆంధ్రప్రదేశ్ నుండి ఒక మోసం కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉద్యోగాలు ఇప్పిస్తామని నిరుద్యోగులను నమ్మించి డబ్బు వసూలు చేసిన నేరమది. నేరం నిజమే, శిక్షయు న్యాయమే. అయినను జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ మూడేండ్ల శిక్షను పదునెనిమిది నెలలకు తగ్గించి, ఖైదీకి తగిన పని, దానికి వేతనం కల్పించాలని ఆదేశించారు. మనిషిని బాగుచేసి సంఘానికి తిరిగి అప్పగించడమే శిక్షకు పరమార్థమని ఆ తీర్పు చాటింది.

అప్పగింత ఉన్నచోట స్వీకరణ కూడ ఉండాలిగదా! మన వరంగల్లు జైలులో ఖైదీలు తివాచీలు, జంపఖానాలు నేసిన చరిత్ర ఉన్నది. ఆ జంపఖానాను కొన్నవారు దాని నేత గట్టిదా కాదా అని చూచారు. నేసినవాని తీర్పు ప్రతి అడుగలేదు. వస్తువును స్వీకరించినంత సులభంగా మనిషిని స్వీకరించలేకపోవడం మన బలహీనత.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంటనో, మీ వీధిలోనో ఇటువంటి వ్యక్తి ఉండవచ్చు. "నీకు ఏదీ రాదు పో" అన్న మాట అతని చెవిని వేయకండి. తీర్పు ప్రతిలో ఏ సెక్షను ఉన్నదో చదివి చెప్పండి. శిక్ష ముగిసిన తేదీని లెక్కకట్టండి. ఫారంలోని ప్రతి గడిని సత్యంతో నింపడానికి ప్రక్కన కూర్చోండి. రెండు భాషలు చదువుకొన్న మీరు, చదువులేని మీ వారికి చేయగల సేవలలో ఇది ఒకటి. కళాశాల కమిటీ పెద్దలు కూడ ఆలోచించి, ఏడాదికొక్కమారైనా న్యాయసేవాధికార సంస్థవారిని పిలిపించి ఇట్టి విషయాలపై ఉపన్యాసం ఏర్పాటు చేయింతురేని, అది మన విద్యార్థులకే గాక వారి ఇండ్లకును ఉపకరించగలదని సవినయంగా మనవి చేస్తున్నాము.